ఎనిమిది రోజుల చావి

రాస్ అల్ ఖైమాల, చేపల మార్కెట్ ఎనుక గల్లీల
నా దుకాణం: ఒక మేజ, ఒక దీపం,
మొబైల్ కవర్లు అమ్మే మలబారీతోని సగం సగం కిరాయి.
బ్యాటరీలు ఏసుడు, పట్టీలకు బొక్కలు కొట్టుడు.
పదకొండేండ్లల్ల చావి గడియారం నా చేతికి వచ్చింది
రెండు సార్లో, మూడు సార్లో.

ఖల్ఫాన్ ముసలాయన తువ్వాలల చుట్టి తెచ్చిండు
కోడిగుడ్లు తెచ్చినట్టు.
నల్ల మొఖం, తెల్ల అంకెలు,
కింద చావి ఇచ్చే గుబ్బ,
బయలెల్లిన టైము గుర్తుకు ఒక ఎర్ర ముల్లు.
"నా చిన్న ఇమానంది," అన్నడు,
ఇద్దరికీ సరిగ రాని హిందీల.
"నాకంటే పదేండ్లు చిన్నది."

ఆగిపోయిందా?
"లేదు. ఇంజను నడిస్తే నడుస్తది.
ఇంజను ఆపితే ఆగుతది.
ఇరవై ఏండ్ల సంది గిట్లనే."

నవ్వొచ్చింది. ఆపుకున్న.
పాత నూనె జిగురై గట్టిపడితే గంతే:
చక్రానికి తనంతట తాను తిరిగే బలం ఉండది,
ఎవలన్న వణికిస్తే కదులుతది.

షట్టరు దించిన. ఏసీ ఆపిన.
ఎంటికె సోంటి స్ప్రింగు, గాలికి ఎగిరితే మళ్ళ దొరకది.
చెమట ముక్కు కొస దాక వచ్చి ఆడనే నిలబడ్డది.
నాలుగు మరలు. అద్దం. ముండ్లు.
లోపల ఇసుక ఉంటదనుకున్న. ఇసుక గాదు,
ఇసుక కంటే సన్నది, జొన్నపిండి లెక్క,
ఈ ఊరి గాలే అది.
మూత లోపటి దిక్కు గీతలు.
బాగు చేసినోడు సూదితోని తేదీ గీసుడు మా పని అలవాటు.
అరవై ఒకటిల ఒకడు, అక్షరం చెరిగిపోయింది.
డెబ్బై ఎనిమిదిల ఒకడు, ఉర్దూల ఒక అలిఫు.
ఆ తర్వాత ఎవ్వలు లేరు.

పెట్రోలుల కడిగి, చక్రాలన్ని
అరబ్బీ పేపరు మీద ఆరబెట్టిన.
మెట్‌పల్లి బస్టాండు కాడ మొయిన్ ఉస్తాదు
నూనె సీసా నా చేతికిచ్చే వరకు రెండేండ్లు పట్టింది.
"బొట్టు గాదు బిడ్డా, వాసన చూపియ్యి," అనేటోడు.
చూపిచ్చిన.
పదిహేను రాళ్ళకు పదిహేను వాసనలు.

రాత్రి రెండున్నరకు
కదలని మేజ మీద, ఎవలు వణికియ్యకుంట
నడిచింది.
నేను మేజకు మోచెయ్యి గూడ ఆనిచ్చలే.

షెడ్డుల రొమేల్ బిగిచ్చిండు.
"నీకు లైసెన్సు లేదు గద అన్నా," అని
కింద ఒక చీటి అంటిచ్చిండు: చూడనీకె మాత్రమే.
మీదికి పోయినంక దాన్ని నమ్మొద్దంట.

తొమ్మిదో రోజు ముసలాయన మళ్ళ వచ్చిండు.
మంచిగ నడుస్తున్నదా?
"మంచిగనే."
సులేమానీ సల్లారే దాక ఇంకో మాట లేదు.
"ఇదివరకు నేను ఎగిరినంత సేపే లెక్కపెట్టేది," అన్నడు.
"ఇప్పుడు షెడ్డుల పడున్నది గూడ లెక్కపెడుతున్నది."

నేనేం చెప్పాలె?
మళ్ళ చెడగొట్టుడు ఉస్తాదు నేర్పలే.
చావి ఇయ్యకుంటే ఎనిమిది రోజులకు అదే ఆగుతది, అన్న.
"ఎరుకే," అన్నడు.
"పొద్దుగాల నమాజయినంక పోయి ఇచ్చొస్తున్న.
చెయ్యి ఊకుంటలేదు."

పైసలు లెక్కకంటే ఇరవై దిర్హాములు ఎక్కువ పెట్టిండు.
మలబారీ చూసి కన్ను కొట్టిండు.

ఆ శుక్రవారం దుకాణం బందు.
రూముల ఆరుగురం. ఐదుగురు గుర్రు.
మీది బంకు మీద నేను,
సప్పుడు లేదు, పని లేదు,
ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకుంట.

ఒకటి ముసలాయనకు చెప్పలే.
మూత మూసే ముందర, అలిఫు పక్కన
తేదీ గీసి, నా పేరుల మొదటి అక్షరం గీసిన,
ఐలయ్యల ఐ.
ఇంకో నలభై ఏండ్లకు ఎవడో ఇప్పుతడు,
భూతద్దం పెట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి
తెగిన స్ప్రింగు ముక్క అనుకొని
పట్టకారుతోని తీయనీకె చూస్తడు.