రంగం పెట్టె

కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే
మా సంఘపు ఆడవాళ్ళం
ఈసారి క్రిస్మస్‌కి రంగం పెట్టె కట్టాం.
మోల్మేను అవతల ఏదో ఊరట,
రబ్బరు తోటల్లో మనోళ్ళేనట,
మూడు తరాల కిందట ఓడెక్కినోళ్ళు.
పిల్లలకి పంచుతారని సలోమి పాస్టరమ్మ చెప్పింది.

అరవై గౌన్లు. పలకలు. పెద్దక్షరాల సువార్తలు పది.
దానమ్మప్ప మాత్రం కిలో జీడిపప్పు తెచ్చింది,
బద్దలు కాదు, గుళ్ళే.
"వాక్యమొక్కటే సాలదే గుంటలకి,
నోట్లోకేటైనా ఉండాల" అంది.
తెల్లటి పప్పు మీద ఆమె నల్లటి వేళ్ళు.
ముప్పై ఏళ్ళ జీడి మరక
ఇక దేనికీ అంటదు, వేళ్ళని వదలదు.

ఆమె తాత కూడా ఓడెక్కాడు, కళింగపట్నంలో.
ఉత్తరం లేదు. మనిషీ రాలేదు.
ఆ సంగతి ఏ ఆదివారమూ
సాక్ష్యంగా లేచి చెప్పలేదామె.

జనవరిలో ఫోనులో వీడియో వచ్చింది.
రేకుల గుడి, ఎర్రకాగితం నక్షత్రం,
బుగ్గలకి గంధంలాంటిదేదో పూసుకున్న పిల్లలు.
వెనక బల్ల మీద ఒక ముసలాయన
పప్పు నోట్లో వేసుకుని కళ్ళు మూసి
"ఓలమ్మ, ఎంత కమ్మగున్నాదే!" అన్నాడు.
అచ్చం మన మాటేనని
మేమంతా పకపకా నవ్వాం.

దానమ్మప్ప నవ్వలేదు.
మళ్ళీ పెట్టమంది. మళ్ళీ.
ప్రార్థన మొదలయ్యే చోట ఆపి
ఆ ముసలాయన చెవి మీద వేలు పెట్టింది,
దోప్పల్లా ముందుకి వాలిన చెవి.
ఒకసారి తన చెవి తడుముకుంది.

బట్టీ వేళైందని లేచి, గుమ్మం దగ్గర
"వొచ్చే యేడు రెండు కిలోలు" అంది.