పోటు

పడవలో ఆరుగురూ వెనక్కి చూస్తూ తెడ్లేస్తారు.
ముందుకి చూసేదాన్ని నేనొక్కదాన్నే.
చుక్కాని నాది, లెక్క నాది, అరుపులూ నావే.
కాబట్టి మార్యున్ మొహం మారడం
మొదట చూసింది నేనే.

మే నెల. క్లాక్స్‌విక్ రేవు.
కొండల నెత్తిన ఇంకా అక్కడక్కడా మంచు.
లెక్క ముప్పై దాకా బాగానే ఉంది.
ముప్పై ఒకటికి తన కళ్ళు
వెనకనుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు
ఆగిపోయాయి.
"ఇంకా గట్టిగా," అన్నాను.
నా పని అదే మరి.

ఒడ్డుకొచ్చి తడి తాళ్ళ మీద పడుకుంది,
రెండు చేతులా మెడ వెనక అదిమి పట్టి,
పొంగే గిన్నె మీద మూత పట్టుకున్నట్టు.
నలభై నిమిషాలు.
ఆ తర్వాత లేచి ఆకలేస్తోంది అంది.
ఎండు చేప నములుతూ నవ్వింది కూడా.

తెడ్డేస్తే వస్తుంది.
కొండకి అడ్డంపడి పరుగెడితే వస్తుంది.
మెట్లెక్కితే రాదు.
ఏడిస్తే రాదు,
ఏడ్చి చూశానంది.

సముద్రానికొచ్చే పోటుకి మా ఊళ్ళో పట్టిక ఉంది,
చేపల ఫ్యాక్టరీ గోడ మీద
గంటా నిమిషంతో సహా.
దీనికి లేదు.

నీళ్ళు తాగి ఉండదు, అన్నాడు కోచ్ యోగ్వన్.
ఉన్ని టోపీ పెట్టుకోలేదుగా, అంది వాళ్ళ అమ్మమ్మ.
ఫోన్, అంది అమ్మ.
ఎగ్గొట్టడానికి, అంది రెండో బల్ల మీది ఐవోర్,
అందరికీ వినపడేలా.
నేను తాడు చుట్టుకుంటూ కూర్చున్నాను.
చూసినదాన్ని నేనే కదా.
అయినా తాడే చుట్టాను.

టోర్స్‌హావ్న్‌లో తలని గొట్టంలో పెట్టి ఫోటోలు తీశారు.
మడతలు మడతలుగా, తెల్లగా,
ఉతికి ఆరేయని దుప్పటిలా ఉందట తన బుర్ర.
ఏమీ లేదు, అంది డాక్టరు,
ఏమీ లేకపోవడమే మంచి వార్త.
కుర్రతనంలో కొందరికి ఇలా వస్తుంది,
కొన్నాళ్ళకి దానంతటదే పోతుంది,
మెల్లగా మొదలుపెట్టు, ఒక్కసారిగా ఒంటిని తరమకు.
తిరిగొచ్చే బస్సు సముద్రం అడుగు సొరంగంలో దూరింది.
నెత్తిమీద అన్ని నీళ్ళు.
అక్కడ అడిగింది మార్యున్:
ఏమీ లేకపోతే
మరి వచ్చేదెవరు?

జులై పందానికి చోట్లు మార్చుకున్నాం.
తన బల్ల మీద నేను, సన్న చేతులతో.
చుక్కాని దగ్గర తను.
ఇప్పుడు వెనక్కి చూడటమంటే
తనని చూడటమే.
ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై,
అక్కడ లెక్క ఆపేసింది.
వంగి నా కళ్ళలోకి చూసింది,
ఎవరైనా వచ్చారేమోనని.

ఎవరూ రాలేదు. అరచేతులు మండుతున్నాయి, అంతే.
లేదన్నట్టు తలూపాను.
ముప్పై ఒకటి, అంది మెల్లగా.

ఆరు పడవల్లో ఐదో వాళ్ళం.
ఐవోర్ మాతో మాట్లాడలేదు.
"ఇంకా గట్టిగా అనడం మర్చిపోయావు," అన్నాను
పడవ ఒడ్డుకి లాగుతూ.

"మర్చిపోలేదు," అంది.