కాలని పలుకు

వన్‌టౌన్‌లో కూలగొడుతున్న మేడ నుంచి
కాగితం పొట్లంలో వచ్చింది గార.
"గుల్ల సున్నమా, రాతి సున్నమా?
సోమవారానికల్లా తేల్చండి" అన్నాడు ఇంజనీరు.

యాసిడ్ చుక్క వేశాను. బుస్సుమంది.
ఏ సున్నమైనా అలాగే పొంగుతుంది.
పొంగు చూసి పుట్టుక చెప్పలేం.

అగేటు రోట్లో నూరి, పొటాషియం బ్రోమైడు కలిపి
బిళ్ళ నొక్కాను. మే నెల. విశాఖ గాలి.
నిమిషంలో బిళ్ళకు శుక్లం కమ్మింది.
దీపం కింద పొడి ఆరబెట్టి మళ్ళీ, ఇంకోసారి మళ్ళీ.
మూడోది నిలబడింది.

కంటికి ఆనని వెలుగు దానిగుండా పోతోంది.
ఒక కార్బను, మూడు ఆక్సిజన్లు
పట్టుకున్న చేతులు వదలకుండా ఊగిన చోటల్లా
తెరమీద గీత మునుగుతుంది.
డోలమైటైతే ఏడొందల ఇరవై ఎనిమిది దగ్గరే.
కాల్సైటు ఏడొందల పన్నెండులో, ఒక్క మునక.
అదే సూత్రం రాసుకునే అరగొనైటు మాత్రం
పదమూడులో మునిగి, తేలీ తేలకముందే
ఏడొందల దగ్గర ఇంకోసారి.
మన తీరంలో దొరికే గుల్లలది ఆ రెండో పద్ధతి.

ఒక్క మునకే. కాల్సైటు.
దాంతో ఏం తేలింది?
బట్టీలో కాలిన గుల్ల కూడా
సున్నమై, నీళ్ళు తాగి, గోడెక్కి,
ఏళ్ళ తరబడి గాలి పీల్చి
కాల్సైటుగానే గట్టిపడుతుంది.
సముద్రం ఊసు ఎత్తదు.

"నిర్ధారణ కాలేదు" అని రాయబోతూ
పొట్లం దులిపాను.
గోరంత తెల్ల పలుకు.

మా నాయనమ్మ ఎర్రమ్మ
భీమిలి దారిలో సున్నపు బట్టీ కూలి.
పొర బొగ్గు, పొర గుల్ల, రాత్రంతా విసురుడు.
తెల్లారి జల్లెడలో కాలని పలుకు తగిలితే
మేస్త్రీ సగం కూలి కోసేవాడు.
"నానేటి సేత్తును, ఆ రేతిరి గాలి తిరిగిపోనాది"
అనేది, ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా
ఆ మేస్త్రీ ఎదురుగా ఉన్నట్టే.

నాలుగో బిళ్ళ.
ఏడొందల పదమూడు.
గీత కాస్త లేచింది,
ఏడొందల దగ్గర మళ్ళీ మునిగింది.
ఇసుక కూడా ఆ చుట్టుపక్కలే మోసం చేస్తుంది కనక
ఎనిమిదొందల యాభై ఏడు కూడా వెతికాను.
ఉంది.

రాశాను: గుల్ల సున్నం.
ఆధారం: సరిగా కాలని ముక్క ఒకటి.
ఆ రాత్రి గాలి ఎటు తిరిగిందో రాయడానికి
మా ఫారంలో గడి లేదు.