రేపటి కూర

సోహార్ అవతల ఫలజ్‌ల క్యాంపు, పదకొండో నంబరు రూము.
రాత్రి ఎనిమిదిన్నర.
పగలంత ఇనుము పట్టిన చేతులు
సబ్బు తాకితే సుర్రుమంటయి.
నడుమ పేపరు పరిచినం, అన్నం గిన్నె, పప్పు, నాలుగు ఖుబ్బూసులు.
నేను అప్పటికే మొదటి బుక్క కలిపిన.

ఏలియా కండ్లు మూసిండు.
రాజోలు దిక్కు మనిషి, పరంజీ కడ్తడు.
నలభై మీటర్ల మీద నిలవడి ఈల వేసేటోడు
పప్పు గిన్నె ముందర బడిపోరని లెక్క తల వంచుతడు.
"సల్లారుతుంది మామా" అంటే
ఒక్క వేలు లేపుతడు, ఆగమని.
ఎవలు ఆగాలె? నేనా, నా ఆకలా?

ఒకనాడు కడుపు మంటతోనే అడిగిన:
"బియ్యం కొన్నది నేను, వండింది కరీముల్లా,
గిన్నెలు తోమేది నువ్వు.
నడుమ ఆయన జేసిందేంది?"
ఏలియా నవ్విండు.
"ఏమోరా. చిన్నప్పుడు మా అమ్మ కంచం పెట్టి
నా చెయ్యి పట్టేసుకునేది.
ఇప్పటికీ అనకపోతే
ఎవరో చెయ్యి పట్టుకున్నట్టే ఉంటాది."
గిదేం జవాబు!

రాయచోటి కరీముల్లాకు ఇంకో లెక్కుంది:
"బిస్మిల్లా అనకపోతే సైతాను గూడా
పక్కన కూచోని తింటాడంట.
అసలే పప్పు తక్కువ."

రాత్రి కింది మంచంల ఏలియా గుసగుస.
హాజరు పిల్చినట్టు ఒక్కొక్క పేరు:
పెండ్లాము, ఇద్దరు ఆడపిల్లలు, ఈనబోయే బర్రె,
వడ్డీల పుల్లంరాజు గారి ఆయుష్షు.
మీదికెల్లి తల వంచి అడిగిన:
"అప్పిచ్చినోని ఆయుష్షు నీకెందుకే?"
"ఆయన పోతే వసూలుకి కొడుకొస్తాడు.
కొడుకు మంచోడు కాదు."
ఆఖరుకు, నేను నిద్రవోయిన్ననుకొని,
"పైన పడుకున్నోడికి దగ్గు తగ్గించు" అన్నడు.
వస్తున్న దగ్గును
దిండుల కుక్కి పండుకున్న.

జులై నెల.
తొమ్మిదో నంబరు రాజలింగు పండుకున్నోడు లేవలే.
నలభై ఒక్క ఏండ్లు. బీడీ గూడ తాగడు.
కంపెనీ కాయితంల సహజం అని రాసిన్రు.
వరండాల ఫ్రిజ్జు తెరిస్తే
స్టీలు డబ్బా, మూత మీద ప్లాస్టరు,
ప్లాస్టరు మీద ఆయన రాత:
లింగు, రేపటికి.
బీరకాయ కూర.

నాలుగు దినాలు ఎవలం ముట్టలే.
నీళ్ళ సీసకు చెయ్యి పెడితే డబ్బా తాకేది.
మనిషి అక్కడ పెట్టెల, కూర ఇక్కడ పెట్టెల,
రెండూ సల్లగ,
రెండింటికీ సంతకాలు రాలే.

అయిదో దినం కరీముల్లా మూత తీసి వాసన జూసిండు.
"బాగానే ఉంది. పారేస్తే నేను సహించను."
వేడి జేసి నడుమ పెట్టిండు.
ఏలియా కండ్లు మూసిండు.
కరీముల్లా పెదవులు కదిలినయి.
లింగు ఊరోడు లింబాద్రి
ఒక ముద్ద తీసి పేపరు అవతల పెట్టిండు.
ఏసీ రూములకు కాకి రాదు,
అది ఆయనకు తెల్వదా?

నా చెయ్యి కూర కాడ ఆగింది.
ఎవలూ పట్టుకోలే. ఆగింది.
అనెటందుకు నాకేం మాట రాదు.
"తింటున్న లింగన్నా" అన్న.
ఉప్పు జరంత ఎక్కువైంది. మంచిగుంది.

ఆ రాత్రి కింద పేర్లు మొదలైనయి.
పెండ్లాము. పిల్లలు. బర్రె.
బర్రె కాడనే గొంతు ఆగింది, గురక మొదలైంది.
పొద్దంత మీద నిలవడ్డ కాళ్ళు, ఏం జేస్తడు.

మా దిక్కు కన్ను మూసిండంటే రెండర్థాలు.
దీపం తీసేసినంక
ఏ అర్థంలకు జారుతున్నమో ఎవనికెరుక.
దేవుడు నాకు తెల్వదు.
పేర్లయితే తెల్సు.
పుల్లంరాజు గారి ఆయుష్షు అన్న, ఏసీ మోతకు జెప్పినట్టు.
కరీముల్లా బిడ్డ పరీచ్చలు అన్న.
లింగు పెట్టె జల్ది ఇల్లు చేరాలె అన్న.
వరుసల ఆఖరుది మిగిలింది,
మీద పండుకున్నోని దగ్గు.
ఆ మాట నోటికి రాకముందే
దగ్గొచ్చింది.