ఒక్క యూనిట్

గంటస్తంభం నుంచి సంగీత కళాశాలకి పోయే దారిలో
గాజుల కొట్టుకీ జెరాక్సు షాపుకీ నడుమ
ఓ సందుంది.
అది సందని తెలిసింది నాకూ, పిల్లులకూ.
సంచి ముందుకు లాక్కుని భుజం పక్కకి తిప్పితే గానీ పట్టదు.

ఇరవై ఏడు అడుగులు.
ఆటోల హారన్లు, డాన్సు బడి తైతై, పునుగుల మూకుడు చిటపట
ఒక్కొక్కటీ వెనకే ఆగిపోతాయి,
గుమ్మం బయట చెప్పులు విడిచినట్టు.

అప్పుడు మేడ.
పద్దెనిమిది టేకు స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు,
నీళ్లు చిమ్మడం మానేసిన రాతిచేప నోట్లో నాచు.
వీధిలో ఎవర్నడిగినా
"ఇక్కడ మేడేటి?" అని నవ్వుతారు.
బజారు నడిబొడ్డున ఇంత ఆకాశం
ఎవరు దాచుకున్నారో నేనూ అడగలేదు.
నా పని మీటరు.

తొమ్మిదేళ్లుగా నెలకి నాలుగు యూనిట్లు.
వంటింట్లో ఒక బల్బు, దాని కింద అసిరితల్లి.
హక్కుదారులు ముగ్గురు, వాయిదాలు లెక్కలేనన్ని.
జీతమెవరు పంపుతారంటే
ఏడాదికో పేరు చెప్తుంది.

ఈ నెల అయిదు.
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. అయిదే.
"ఈ ఒక్కటీ ఎక్కడిదమ్మా?"
చేతులు కొంగులో దాచుకుంది.
తర్వాత పెద్ద హాలు తలుపు తోసింది.

ఉత్త నేల మీద శ్రుతిపెట్టె,
ఎర్రచుక్క వెలుగుతూ.
"వానకి ఓ గుంట సొచ్చింది బాబూ, కాలేజీ గుంట.
ఇది ఒగ్గీసి ఎల్లిపోనాది.
ఆపడం నాకు రాదు."
కాసేపాగి,
"వొచ్చు" అంది.

పాట లేదు.
పాటకి ముందుండేది ఉంది.
స్తంభానికి వీపు ఆనిస్తే
టేకు లోపల కందిరీగ తిరిగినట్టు.
"ఇది ఇంటే ఇల్లు తొంగుంటాది బాబూ.
నేపోతే తెల్లార్లూ దూలాలు మూలుగుతాయి.
ఆ ఒక్కటీ రాయకు. అడుగుతారు."

మెషీను అప్పటికే చీటీ నాలిక చాపింది.
నాలుగైనా అయిదైనా ఒకటే బిల్లమ్మా, మినిమం, అన్నాను.
"మినిమమంటే?"
కాల్చినా కాల్చకపోయినా కట్టేది.
"తొమ్మిదేళ్ల నుంచీనా?"
సంచి జిప్పు సర్దుకున్నాను.
"మరి ఎన్ని కాల్చొచ్చేటి?"
ఇరవై దాకా భయం లేదు.

అసిరితల్లి చిటికెన వేలు మడిచింది.
ఉంగరం వేలు.
పెదాలు కదుపుతూ గదులు లెక్కెడుతోంది:
తూర్పు పడగ్గది, మెట్ల కింద గది, అద్దాల గది...

నాకింకా నూటపది ఇళ్లున్నాయి.
రెండో చెయ్యి మొదలయ్యేదాకా
నిలబడ్డాను.