పంచరు తొట్టి

వాళ్లు పదకొండు మంది. నేను పన్నెండోవాణ్ణి, కూలికి.
కొర్లగుంటలో అంగడి షట్టరు దించి
పాల క్యాన్లు మోసిన నా పాత సైకిలుకు
పంపు కట్టుకున్నా, సంచిలో ప్యాచీలు, గరుకు కాయితం, సొల్యూషన్.
రెండు రోజులకు వెయ్యిన్నూరు. తిండి వాళ్లదే.

ముందర చెంగల్రాయులు సారు.
ముప్పై ఏండ్లు బస్సులో కండక్టరు,
రిటైరైనా మెళ్లో ఈల తియ్యలేదు.
ఒకటి కొడితే ఆగాల, రెండు కొడితే పోవాల.
రేణిగుంట దాటేలోపే
మా కాళ్లకు ఆ భాష వచ్చేసింది.

నా అంగడి మొత్తం అమ్మినా రాని సైకిలు మీద
ఇంజనీరింగ్ పిల్లోడు జయచంద్ర.
ఒక్క వేలితో ఎత్తి చూసినా.
గాలికి కట్టెయ్యాల దీన్ని, అన్నా. నవ్వలేదు.

రుయా ఆస్పత్రి నర్సు హేమావతమ్మ
రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది,
కండ్లల్లో ఇంకా ట్యూబులైట్లు ఆరలేదు.

రాత్రికి నాయుడుపేట. దోమలు.
తెల్లారి వాకాడు దాటినాక
వెనక్కి తిరిగి చూస్తే కొండ లేదు.
మా ఊర్లో ఎటు తిరిగినా కొండే గోడ,
చూపు పోయి పోయి దానికి ఆనుకుంటాది.
ఈడ ఆనుకోను ఏమీ లేక
కాసేపు తల తిరిగింది నాకు.

తూపిలిపాలెం నుంచి దక్షిణంగా తిరిగినాం.
ఎడమ పక్క సవక తోపులు,
సందుల్లో చీలికలు పీలికలుగా సముద్రం,
కంచె మీద ఆరేసి మరిచిన నీలం లుంగీ మాదిరి.
కుడి పక్క రొయ్యల గుంటలు.
వాటి చక్రాలు మాకంటే జోరుగా తొక్కతా ఉండాయి
ఒక్క అడుగూ జరగకుండా.

ఎదురుగాలి.
ముందున్నోడు గాలిని తాగాల,
వెనకున్నోళ్లు వాడి వీపును చూసుకుంటా రావాల.
పావుగంటకొకరు మారతా ఉండారు.
నన్నెవరూ అడగలేదు.
నేనే పోయినా ముందుకి.
మెకానిక్కు ముందుంటే వెనక పంచరైతే ఎట్ల,
ఎవరో అరిచినారు.
గాలి ఆ మాటను నాదాకా రానీలేదు,
వచ్చిందని ఇప్పుడు చెప్తా ఉండా.

అన్నట్టే అయింది. హేమావతమ్మ వెనక చక్రం.
సర్కారు తుమ్మ ముల్లు అయ్యుండాల,
గుచ్చి, రాలిపోయింది.
టైరు విప్పి, ట్యూబుకు గాలి కొట్టి, చూసుకుంటే
తొట్టి తేలేదు.

ఇన్ని నీళ్లు పెట్టుకోని తొట్టి కోసం ఏడుస్తావేందయ్యా,
సారు నవ్వినాడు.
మోకాళ్ల దాకా దిగి ముంచినా.

ఇరవై రెండేండ్లుగా
బుడగను చూసి బొక్కను చెప్పేవాణ్ణి.
ఈడ ఎటు చూసినా బుడగలే.
ఈ అల కింద గాలి పోతా ఉండాది,
ఆ అల కింద పోతా ఉండాది,
ఇసక కూడా రంధ్రం రంధ్రానా ఊదతా ఉండాది.
ఇంత పెద్ద ట్యూబు!
ఎప్పుడు గుచ్చుకునిందో, ఎవురు ప్యాచీ వెయ్యాల్నో.
పనోడినని మరిచి అట్లే నిలబడిపోయినా,
లాగు తడిసి బరువెక్కిందాకా.

హేమావతమ్మ దిగి వచ్చి ట్యూబు తీసుకునింది.
తడి తుడిచి చెంపకు ఆనించి
కండ్లు మూసుకుని కొంచెం కొంచెంగా తిప్పింది.
అలల హోరు. ఎవరూ మాట్లాడలేదు.
"ఈడ" అనింది.
వేలు పెట్టి చూస్తే, నిజమే,
పసిబిడ్డ ఊపిరంత.

నీకెట్ల తెలిసిందమ్మా అని అడగలేదు.
రాత్రిళ్లు ఆమె చేసేది అదే కదా,
మంచం మంచానికీ వొంగి.

గరుకు కాయితం రుద్ది, ప్యాచీ అంటించి,
బొటనవేలితో నూరు దాకా నొక్కి పట్టినా.
ఈల రెండు సార్లు మోగింది.

ఇప్పుడు అంగట్లో పంచరొస్తే
ట్యూబును ముందు చెంపకు పెట్టుకుంటా.
ఏందన్నా ముద్దులా, అంటారు పిల్లకాయలు.
నాకేమీ తెలియదు, నాలుగు రోజుల గడ్డం అడ్డం.
తొట్టిలోనే ముంచుతా.
ఒక బుడగ వస్తాది.
ఒక్కటే.