నాలుగో అంతస్తు దగ్గర పదకొండు డిగ్రీలు

రెసిఫే నగరంలో, రేవు వీధి మలుపులో
చక్కెర పన్నుల ఆఫీసు
పద్నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంటుంది,
ఏట్లో దిగబోతూ బట్టలు ఎగగట్టిన మనిషిలా.
కింద నేలంతా ఖాళీ.
కట్టినవాళ్లు దాన్ని ఊరికి వదిలేశారు.
వానొస్తే జీడిపప్పు అమ్మేవాళ్లు, లాటరీ టికెట్లవాళ్లు,
ఒక్కోసారి బండి గాడిద కూడా
ప్రభుత్వం కింద తలదాచుకుంటారు.

స్తంభాన్ని దగ్గరికెళ్లి చూడండి.
సిమెంటు మీద చెక్క నారలు, ఒక ముడి, మేకు దిగిన గుంట.
పోత పోసిన పలకలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి,
వేలిముద్రలు వేసి.

మెట్ల పక్కది గోడ కాదు, జల్లెడ.
గాలిని రానిచ్చి, ఎండను జల్లించి
మూడింటివేళ మెట్టుమెట్టుకీ చిల్లర పరుస్తుంది.
ఇరవై రెండేళ్లుగా ఆ చిల్లర తొక్కుకుంటూ
ఏడో అంతస్తుకి ఎక్కుతున్నాను.
జీతం సంగతి వేరే చెప్పాలా.

అసలు చూడాల్సింది పడమటి ముఖం.
అంతస్తుకి నలభై నీడరెక్కలు,
అడ్డంగా, ఒక్కోటీ మనిషంత పొడవు.
ఇప్పుడు కదలవు.
కదిలే రోజుల్లో, కదపడానికి ఒక మనిషుండేవాడు,
అదెర్బాల్ తెనోరియో.
రిజిస్టర్లో మూడో తరగతి నౌకరు.
చేసింది సూర్యుడితో బేరం.
భోజనాలయ్యాక ఇత్తడి పిడి కడ్డీ పట్టుకుని
రెండో అంతస్తులో మొదలుపెట్టి
కిటికీ కిటికీకీ కడ్డీ దూర్చి, తిప్పి,
పొద్దు వాలినకొద్దీ రెక్కలు వాల్చుకుంటూ పైకెక్కేవాడు.
గుమాస్తాలు తలెత్తేవాళ్లు కాదట.
కాగితం మీద వెలుగు మారకపోతే
దాన్నెవరో పట్టుకుని ఉన్నారని ఎవరికి తోస్తుంది?

తర్వాత చల్లగాలి యంత్రాలొచ్చాయి.
కిటికీలు మూశారు. అదెర్బాల్‌ని టపా విభాగానికి పంపారు.
రెక్కలకు రంగేశారు, రంగు మీద రంగు,
కీళ్లు రంగులోనే బిగుసుకుపోయాయి.

మొన్న ఇంజినీరు మైజా వచ్చింది,
భవనానికి అద్దాలు తొడగాలా వద్దా తేల్చడానికి.
కోణమాపకం పెట్టి అంతస్తంతస్తూ కొలిచి
"ఏ రెండూ కలవడం లేదు, నాసిరకం పని" అంది.
ఆ కాగితం నా బల్ల మీదే మర్చిపోయి
కాఫీకి వెళ్లింది.

నేను అంకెల మనిషిని. చూసి ఊరుకోలేను.
రెండు నుంచి మూడుకి రెండు డిగ్రీలు.
మూడు నుంచి నాలుగుకి రెండు.
ఐదు నుంచి ఆరుకి, ఆరు నుంచి ఏడుకి,
అలా పైదాకా రెండేసి.
పొద్దు ఒక డిగ్రీ దిగడానికి నాలుగు నిమిషాలు.
అంటే ఎనిమిది నిమిషాలకో అంతస్తు.
నాసిరకం కాదు తల్లీ,
ఒక మనిషి మెట్లెక్కడం అది.
ఆఖరి రోజు ఎక్కాడు.
మర్నాడు పొద్దున్నే రెక్కలు తెరవడానికి
ఎవరూ రాలేదు.

నాలుగు నుంచి ఐదుకి మాత్రం పదకొండు డిగ్రీలు.
నలభై నాలుగు నిమిషాలు.
పనికి ఎనిమిది తీసేస్తే ముప్పై ఆరు.
మళ్లీ తీసేశాను. ముప్పై ఆరే.

నాలుగో అంతస్తులో అప్పట్లో చెరకు తూకాల విభాగం.
అందులో ఒదిలియా అనే టైపిస్టు.
పాత జీతాల పట్టీలో పేరుంది,
అంతకుమించి నాకేం తెలియదు.
కాఫీ అయ్యుండొచ్చు. పోట్లాట అయ్యుండొచ్చు.
కడ్డీ జారి కాలి మీద పడి ఉండొచ్చు.
పైన ఐదో అంతస్తువాళ్లు ఆ కాసేపూ
కళ్లు చిట్లించుకుని పన్నులు కట్టి ఉంటారు.
ఆ ఏడాది ఎవరికో
ఒక సున్నా తగ్గే ఉంటుంది.

మైజా తిరిగొచ్చింది. చెబుదామనుకున్నాను.
"ఈ నాలుగో అంతస్తు దగ్గర ఏమైందంటారు?" అంది పెన్ను తీసి.
"ఎండ" అన్నాను.
అదే రాసుకుంది.